దుకాణం మూసిన మర్నాడు: నల్లమందు రిజిస్టర్ నుంచి నాలుక కింది గోలీ దాకా

2015 సెప్టెంబర్‌లో ఎక్సైజ్ శాఖ కల్తీ కల్లు మీద విరుచుకుపడింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లు డిపోల మీద దాడులు జరిగాయి. కల్లులో కలిపే నిద్రమత్తు మందులు ఆల్ప్రాజోలం, డైజోపామ్, క్లోరల్ హైడ్రేట్ రావడం ఆగింది. రోజుల వ్యవధిలోనే ఆ ఊళ్ల నుంచి జనం ఆస్పత్రులకు బారులు కట్టారు. చేతుల వణుకు, పట్టని నిద్ర, లేనివి కనబడటం, ఫిట్స్. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వింతగా ప్రవర్తిస్తున్నారని వార్తలు వచ్చాయి గానీ అందులో వింతేమీ లేదు. ఏళ్ల తరబడి మరిగిన మందు ఒక్కసారిగా ఆగితే మెదడు చేసే గోల అదే. వైద్యం కూడా అందరికీ తెలిసిందే: అదే కోవకు చెందిన మందును కొలిచి ఇచ్చి, రోజురోజుకూ కొంత తగ్గించుకుంటూ పోవడం. కల్తీని అరికట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ డిపోల మీద దాడి చేసిన రోజే ఆ ఊరి పీహెచ్‌సీకి కబురు పెట్టాలన్న ఆలోచన ముందే వచ్చి ఉండాల్సింది.

ఆల్ప్రాజోలం ఓపియాయిడ్ (నల్లమందు కోవ మందు) కాదు. నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్, ట్రమడాల్ వేరే కుటుంబం, వాటి బాధ కూడా వేరు. మానేసిన మనిషికి ఒళ్లంతా నొప్పులు, ఆగని ఆవులింతలు, ముక్కు కారడం, వాంతులు, విరేచనాలు. ఆ బాధ మనిషిని చంపేది అరుదు. చంపేది ఆ తర్వాతి ఘట్టం. రెండు మూడు వారాలు డీ-అడిక్షన్ సెంటర్లో ఉండి 'మానేసి' వచ్చినవాడికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. మనసు మాత్రం పాత మోతాదునే అడుగుతుంది. ఒక రాత్రి మళ్లీ అంతే తీసుకుంటే ఊపిరి నిలిచిపోతుంది. అందుకే ఓపియాయిడ్ల విషయంలో ప్రపంచం చివరికి వచ్చి చేరిన వైద్యం మాన్పించి పంపేయడం కాదు, మందు మీద నిలబెట్టడం. వరంగల్ చుట్టుపక్కల ఈ మాట ఇప్పటికీ కొత్తగా వినిపిస్తుందంటే దాని వెనుక పెద్ద చరిత్రే ఉంది.

నిజాం కాలంలో కల్లు, సారా, గంజాయి, నల్లమందు అన్నీ ఆబ్కారీ శాఖ చేతిలోనే ఉండేవి. సర్కారు ఖజానాకు పెద్ద రాబడుల్లో అదొకటి. తాగేవాడు, తినేవాడు సర్కారు లెక్కలో ఆదాయమే తప్ప రోగి కాడు. అవతల బ్రిటిష్ ఇండియాలో 1893లో వేసిన రాయల్ కమిషన్ రెండేళ్లు విచారించి, నల్లమందును నిషేధించాల్సిన అవసరం లేదని తేల్చింది. స్వాతంత్య్రం వచ్చాక గాలి మళ్లింది. రాజ్యాంగం 47వ అధికరణ మత్తు పదార్థాలను వైద్య అవసరాలకు తప్ప నిషేధించే దిశగా నడవమంది. 1949లో జరిగిన అఖిల భారత సమావేశం పదేళ్లలో నల్లమందు వాడకాన్ని అంచెలంచెలుగా తీసేయాలని నిర్ణయించింది. 1959తో ఆ గడువు ముగిసింది.

అయితే అప్పటి అధికారులు ఒక తెలివైన పని చేశారు. ముందునుంచీ అలవాటున్న వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాసుకుని, వైద్య కారణం మీద కొలత ప్రకారం వాళ్లకు నల్లమందు ఇవ్వడం కొనసాగించారు. రాజస్థాన్ లాంటి చోట్ల ఈ పర్మిట్లు చాలాకాలం నడిచాయి. పెద్ద సిద్ధాంతమేమీ లేకుండానే, ముసలివాళ్లను హింస పెట్టకూడదన్న ఇంగితంతో చేసిన పని అది. రిజిస్టర్‌లో పేర్లున్నవాళ్లు ఒక్కొక్కరే పోయారు, కొత్త పేర్లు ఎక్కలేదు. ఆ అనుభవమూ రిజిస్టర్‌తోనే మూతపడింది.

అమెరికా ఇదే దారిని తలకిందులుగా నడిచింది. 1914 నాటి హారిసన్ చట్టం తర్వాత, అలవాటు పడినవాడికి మార్ఫిన్ రాసిచ్చిన డాక్టర్ల మీద కేసులు పెట్టారు. 1935లో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో సగం జైలు, సగం ఆస్పత్రిలాంటి పెద్ద సంస్థను తెరిచారు. అక్కడ మానేసి వెళ్లినవాళ్లలో చాలామంది మళ్లీ మొదలుపెట్టారు. న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్ అనే వైద్య పరిశోధకుడు, మేరీ నైస్వాండర్ అనే సైకియాట్రిస్టు కలిసి అప్పటిదాకా నొప్పుల మందుగా ఉన్న మెథడోన్‌ను రోజుకొకసారి నోటి ద్వారా ఇచ్చి చూశారు. మెథడోన్ 1930ల చివర్లో జర్మనీలో తయారైన మందు, ఒక్క మోతాదు రోజంతా పనిచేస్తుంది. వణుకూ లేదు, తూగూ లేదు. 22 మంది రోగులతో వాళ్లు రాసిన వ్యాసం 1965లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చింది. అందులో నాకు నచ్చే సంగతి ఒకటుంది: డోల్, నైస్వాండర్ తమ రోగులు ఎంత నిగ్రహం చూపారన్నది కాక, చదువులకూ ఉద్యోగాలకూ ఎలా తిరిగి వెళ్లారన్నది చూశారు.

రెండో మందు బుప్రెనార్ఫిన్. 1960ల్లో ఇంగ్లండ్‌లో రెకిట్ అండ్ కోల్మన్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టింది. ఇది ఓపియాయిడ్ గ్రాహకాలకు, అంటే మెదడులో ఈ మందులు పట్టుకునే చోట్లకు, గట్టిగా అతుక్కుంటుంది కానీ వాటిని సగమే మేల్కొలుపుతుంది. మోతాదు పెంచుకుంటూ పోయినా ఒక హద్దు దాటాక మత్తు పెరగదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదమూ మెథడోన్ కంటే తక్కువ. హన్మకొండ బస్సులో దస్తీ వేసి సీటు ఆపినట్టు, ఇది ముందే కూర్చుంటే తర్వాత వచ్చే హెరాయిన్‌కు చోటు దొరకదు. ఒక చిక్కుంది. ఒంట్లో ఇంకా హెరాయిన్ ఉండగానే ఇస్తే దాన్ని ఒక్కసారిగా నెట్టేసి నరకం చూపిస్తుంది. అందుకే బాధ మొదలయ్యేదాకా ఆగి మొదటి గోలీ ఇస్తారు. ఫ్రాన్స్ 1990ల మధ్యలో మామూలు డాక్టర్లే దీన్ని రాసేలా చేసింది. 1995 నుంచి 1999 మధ్య అక్కడ ఓవర్‌డోస్ మరణాలు దాదాపు ఐదింట నాలుగు వంతులు తగ్గాయి. మెథడోన్, బుప్రెనార్ఫిన్ రెండూ 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరాయి. నాల్ట్రెక్సోన్ అనే మూడోది గ్రాహకాన్ని పూర్తిగా మూసేస్తుంది. వారం పది రోజులు ఏ ఓపియాయిడూ ముట్టనివారికే అది పనికొస్తుంది. మనసు గట్టిగా ఉండి, రోజూ గుర్తుచేసే మనిషి ఇంట్లో ఉంటే మంచిదే.

మన దేశంలోకి హెరాయిన్ 1980ల మొదట్లో దిగింది. 1985 నవంబర్ 14న మాదకద్రవ్యాలను కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చింది. ఆ చట్టం పేరు చెబితే జనానికి గుర్తొచ్చేవి పదేళ్లు, ఇరవై ఏళ్ల శిక్షలు. అందులోనే ఉన్న 64ఏ సెక్షన్ సంగతి వరంగల్ కోర్టు ఆవరణలోనూ తక్కువగానే వినబడుతుంది. వాడకం కేసులోనో, తక్కువ పరిమాణం కేసులోనో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో వైద్యానికి ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించే సెక్షన్ అది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 1990ల్లో బుప్రెనార్ఫిన్ అనుభవాన్ని కూడగట్టారు. కానీ ఈ వైద్యం దేశమంతా పాకింది వ్యసనం తలుపు నుంచి కాదు, ఎయిడ్స్ తలుపు నుంచి. మణిపూర్‌లో 1990 నాటికి సూదులు పంచుకునేవారిలో హెచ్‌ఐవీ కార్చిచ్చయింది. సూదిని తప్పించాలంటే నాలుక కింద పెట్టే బుప్రెనార్ఫిన్ గోలీ ఇవ్వాలన్న లెక్కతో 2007లో మొదలైన మూడో దశ జాతీయ కార్యక్రమంలో ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో ఓఎస్‌టీ (ఓపియాయిడ్‌కు బదులు మందు ఇచ్చే వైద్యం) కేంద్రాలను పెంచుకుంటూ వచ్చింది. 2012లో మెథడోన్ కూడా వచ్చింది. కేంద్రానికి రోజూ రావాలన్నది మొదటి పద్ధతి. నర్సు బుప్రెనార్ఫిన్ గోలీని పొడి చేసి నాలుక కింద వేస్తుంది, కరిగేదాకా ఎదురుగా కూర్చోబెడుతుంది.

ఉత్తర తెలంగాణ ఈ కేంద్రాల మ్యాపులో ఎందుకు లేకుండా పోయిందో ఇక్కడే తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీ ఎక్కువే, కానీ అది ప్రధానంగా లైంగిక సంబంధాల ద్వారా పాకింది. అందుకే ఇక్కడ కార్యక్రమం కండోములు, సెక్స్ వర్కర్ల సంఘాలు, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందుల చుట్టూ అల్లుకుంది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఏఆర్‌టీ కేంద్రం వచ్చింది. సూది వాడేవాళ్లు కొద్దిమందే అనుకున్నచోట ఓఎస్‌టీ అవసరం ఎవరికీ తోచలేదు. ఓఎస్‌టీ బరువంతా పంజాబ్, ఈశాన్య రాష్ట్రాల వైపే పడింది. ఎయిడ్స్ కార్యక్రమంగా అది సరైన నిర్ణయమే. వ్యసన వైద్యంగా చూస్తే మాత్రం సూది పట్టనివాడు, గోలీలకే అలవాటైనవాడు లెక్కలోకే రాలేదు.

ఆ గోలీల లెక్క తక్కువేమీ కాదు. 2018లో ఎయిమ్స్ చేసి 2019లో బయటపెట్టిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 2.06 శాతం మంది, అంటే సుమారు 2.26 కోట్ల మంది ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారు. హెరాయిన్ వాడేవాళ్లు 1.14 శాతం, మెడికల్ షాపు మందులు వాడేవాళ్లు 0.96 శాతం; రెండూ వాడేవాళ్లు రెండు లెక్కల్లోనూ ఉన్నారు. సాయం అవసరమైనవాళ్లు దాదాపు 77 లక్షలు. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ పరిధిలోకి తెచ్చారు. నడుం నొప్పికి రాసిచ్చిన గోలీ రోజుకొకటి నుంచి పదికి చేరినవాడికి ఆ నోటిఫికేషన్ వల్ల జరిగింది గోలీ దొరకడం కష్టం కావడమే. వైద్యం దొరకడం దానితోపాటు సులువు కాలేదు. బుప్రెనార్ఫిన్ మీద కట్టుదిట్టం ఉండటం సబబే, దాన్నీ దుర్వినియోగం చేసినవాళ్లున్నారు. మామూలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదది. కాబట్టి సర్కారు దవాఖానాలో లేకపోతే ఆ ఊళ్లో లేనట్టే.

ఇంటివాళ్ల అనుమానం సంగతి చెప్పుకోవాలి. 'ఒక మత్తు మాన్పించి ఇంకోటి అంటగడతారా? ఎన్నాళ్లు?' తల్లిదండ్రులు అడిగే ఈ ప్రశ్నలో అన్యాయమేమీ లేదు. సారా వ్యతిరేక ఉద్యమం చూసిన తరం వాళ్లది. 1993 అక్టోబర్‌లో సారాను ఆపించిన ఆడవాళ్ల పట్టుదల ముందు ఎవరైనా తలవంచాల్సిందే. దాని తర్వాత 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. ఆ మలుపుల్లో దేని దగ్గరా తాగుడు ఆగినవాడి వణుకుకు ఆస్పత్రిలో మంచం ఎక్కడన్న ప్రశ్న పెద్దగా లేవలేదు. మానడమంటే ఒట్టు పెట్టుకోవడం, మాల వేసుకోవడం అనే మన నమ్మకం అలా గట్టిపడింది. కొందరికి అది పనిచేస్తుంది కూడా.

ఎన్నాళ్లు అన్నదానికి జవాబు నెలలు కావచ్చు, ఏళ్లు కావచ్చు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ అనేక దేశాల రోగుల లెక్కలను కలిపి చూసింది. మెథడోన్ మీద ఉన్నంతకాలం ఏడాదికి వెయ్యి మందిలో 11 మంది చనిపోతే, ఆపేశాక 36 మంది. బుప్రెనార్ఫిన్ మీద 4, ఆపేశాక దాదాపు 10. మందు తీసేయాలన్న తొందర పేషెంటుది కాకుండా బంధువులదైనప్పుడు డాక్టర్ ఈ అంకెలే వాళ్ల ముందు పెట్టాలి.

ఇప్పుడు పరిస్థితి కొంత మారే వీలుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను జబ్బుల్లో చేర్చింది. అంటే డీ-అడిక్షన్ పేరుతో మనిషిని గొలుసేసి కట్టేయడం నేరం. మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, మహబూబాబాద్‌లలో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఒకప్పుడు ఎంజీఎం దాకా రావాల్సిన మనిషికి సైకియాట్రీ ఓపీ దగ్గరైంది. ఫోన్‌లో అడగాలంటే డీ-అడిక్షన్‌కు 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416.

కల్లు గొడవ మాత్రం తీరలేదు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. జులైలో కూకట్‌పల్లిలో ప్రాణాలు పోయాయి. పోలీసులు పట్టుకున్న గంజాయి కిలోల లెక్క ఎప్పటికప్పుడు పేపర్లో వస్తూనే ఉంది. మత్తు పదార్థాల మీద జిల్లాల్లో జరిగే ఎన్‌కార్డ్ సమీక్షలకు కలెక్టరే అధ్యక్షత వహిస్తారు. దాడులెన్ని, కేసులెన్ని అని అడిగే ఆ సమావేశంలోనే జిల్లా ఆస్పత్రిలో బుప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్, డైజోపామ్ స్టాకు ఎంతుందో, డీ-అడిక్షన్‌కు మంచాలెన్నో కూడా అడగొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఎజెండాలో ఒక వరుస చేరిస్తే చాలు.