చిన్న గదిలో టీషర్ట్ ప్రింటింగ్: మిషన్ మీద అపోహలు, క్యూరింగ్ మీద వాస్తవాలు

స్క్రీన్ ప్రింటింగ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వారానికి ఇద్దరైనా ఫోన్ చేసి ఇదే అడుగుతారు: "అన్నా, నాలుగు కలర్ల మిషన్ తీసుకోనా, ఆరు కలర్లదా?" గది ఎంత ఉందంటే పది బై పన్నెండు అంటారు. ప్రింటేసిన టీషర్ట్‌ని దేంతో క్యూర్ చేస్తావు, అదే, ఇంకుని వేడితో దేంతో గట్టిపరుస్తావు తమ్ముడూ అంటే "ఐరన్ బాక్స్ ఉంది కదన్నా" అంటారు. ఆ మాట వింటే నాకు గుండెల్లో రాయి పడినట్టుంటుంది.

అపోహ: డబ్బంతా మిషన్‌కే పెట్టాలి, ఆరబెట్టడం ఎలాగోలా అయిపోతుంది.

వాస్తవం: చేతికి అంటకపోవడం వేరు, క్యూర్ అవడం వేరు. ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ ఇంకులో ఎగిరిపోవడానికి నీళ్లేమీ ఉండవు, ఎన్నాళ్లు ఆరేసినా అది ఆరదు. మామూలు రకమైతే ఇంకు పొర పైనుంచి అడుగుదాకా సుమారు 160 డిగ్రీల సెల్సియస్‌కి చేరితేనే గట్టిపడి బట్టను పట్టుకుంటుంది. ఫ్లాష్ (ప్రింట్‌కి పైనుంచి వేడి కొట్టే హీటర్) కింద కొన్ని సెకన్లు పెట్టేది రెండో కలర్ వేసుకోవడానికే. తాకకుండా వేడి కొలిచే లేజర్ గన్ చూపించేది కూడా పైపొర వేడి మాత్రమే, అడుగున బట్ట దగ్గర ఇంకా తక్కువే ఉండొచ్చు.

నా మొదటి ఏడాదిలో ఒక కాలేజీ ఫెస్ట్‌కి 120 నల్ల టీషర్ట్‌ల మీద తెల్ల ఇంకు వేశాను. బటర్ పేపర్ పెట్టి ఒక్కోదాన్నీ ఇస్త్రీపెట్టెతో అదిమాను, చూడ్డానికి అద్దంలా మెరిశాయి. నాలుగో రోజు ఒకబ్బాయి ఉతికిన టీషర్ట్ పట్టుకొచ్చాడు. అక్షరం అంచును గోటితో గీస్తే పాత గోడ సున్నం పెచ్చులా ఊడి నా చేతిలో పడింది. ఆ పిల్లాడు గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. మొత్తం 120 కొత్త బట్ట కొని మళ్లీ వేసిచ్చాను. ఆ రోజు నా నాలుగు కలర్ల మిషన్‌లో మూడు చేతులు (కలర్‌కొకటి చొప్పున స్క్రీన్ పట్టుకునేవి) ఖాళీగానే ఉన్నాయి, వేడి పలకతో బట్టను అదిమే హీట్ ప్రెస్ కొనడానికి మాత్రం డబ్బు లేదు.

అందుకే చెప్తున్నా, చిన్న గదికి ముందు ఒక మంచి హీట్ ప్రెస్ కొను. టెఫ్లాన్ షీట్ వేసి, ప్రెషర్ తక్కువ పెట్టి, ఇంకు డబ్బా మీద రాసిన టైమూ టెంపరేచరూ పాటిస్తే క్యూరింగ్ దాంతోనే అవుతుంది. ప్రింట్ కొంచెం చదునవుతుంది, అంతే. ప్రింటింగ్‌కి టేబుల్ మీద బిగించి ఒక్క స్క్రీన్ పట్టుకునే సింగిల్ కలర్ క్లాంప్ చాలు. రబ్బర్ ప్రింట్ వేసేవాళ్లకి ఇంకో సంగతి: అది వాటర్ బేస్, అంటే నీళ్లున్న ఇంకు, ఆ నీళ్లు పోయేదాకా బట్ట క్యూరింగ్ వేడికి రాదు, వానాకాలంలో బట్టే చెమ్మగా ఉంటుంది కాబట్టి ఎండాకాలం టైమింగ్ అప్పుడు పనికిరాదు.

కరెంటు సంగతి ఎవరూ అడగరు. హీట్ ప్రెస్ రెండు వేల వాట్ల దాకా లాగుతుంది, ఫ్లాష్ కూడా అంత లాగేవి ఉన్నాయి. రెండూ కలిపి ఒకే 16 ఆంప్స్ లైన్ మీద పెడితే ఆర్డర్ మధ్యలో ఎంసీబీ పడిపోవచ్చు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి విడి లైన్లు వేయించుకో.

మిగతావి గబగబా చెప్పేస్తా. మిషన్ కాళ్లు పట్టే జాగా కొలిస్తే చాలదు, చేతులు తిరిగే వ్యాసం కొలువు, ఆపైన నువ్వు నిలబడాలి. మెష్ కౌంట్ (స్క్రీన్ గుడ్డలో సెంటీమీటర్‌కి ఎన్ని దారాలో చెప్పే నంబర్) ఎక్కువైతే ప్రింట్ బాగుంటుందనేది ఉత్త మాట, నల్ల బట్ట మీద తెల్ల ఇంకుకి 43 నంబరే సరిపోతుంది, సన్న గీతలకి 77 పైన. స్క్రీన్‌ని ఎండలో ఎక్స్‌పోజ్ చేయొచ్చు, అంటే వెలుగుతో డిజైన్ ఎక్కించొచ్చు, కానీ మబ్బు పట్టిన ప్రతిసారీ టైమ్ మారిపోతుంది. పాలిస్టర్ జెర్సీ మీద తెల్ల ఇంకు కాస్త ఎక్కువ వేడి తగిలితే బట్ట రంగు ఎక్కి, ఎర్ర జెర్సీ అయితే గులాబీ అయిపోతుంది, దానికి తక్కువ వేడిలో క్యూర్ అయ్యే ఇంకు విడిగా దొరుకుతుంది.

ఇప్పటికే అప్పు చేసి ఆరు కలర్లది కొనేసి నిద్రపట్టనివాళ్లు టెన్షన్ పడి సగం ధరకి అమ్ముకోకండి. అందులో ఒక్క చేయే వాడుతూ పని మొదలుపెట్టండి. ఆర్డర్ ఒప్పుకునే ముందు ఒక్క టీషర్ట్ ప్రింటేసి, ప్రింట్‌ని రెండు చేతులతో సాగదీసి చూసి, ఇంట్లో ఐదుసార్లు ఉతకండి. పగిలినా ఊడినా ఆ ఫోటో నాకు పంపండి, ఎన్ని డిగ్రీల్లో ఎన్ని సెకన్లు పెట్టారో కూడా రాయండి.