పార్ట్స్ లిస్టులో కనబడని కాస్టింగ్

అనంతపురం వైపు వేరుశనగ కాయలు ఒలిచే మిషన్లు చేసే షెడ్డు ఏదైనా తీసుకోండి. ఇప్పుడు డ్రాయింగు కంప్యూటర్లోనే. మిషన్‌కి ఏమేం కావాలో చెప్పే బిల్ ఆఫ్ మెటీరియల్స్, వాడుకలో బీఓఎం, సాఫ్ట్‌వేరే తీసిస్తుంది. దాన్ని నమ్ముకుని పనిలోకి దిగితే రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. అంచులు మడిచే సైడ్ ప్లేట్లు ఎడమ ఒకటి, కుడి ఒకటి కావాలి. జాబితాలో మాత్రం 'సైడ్ ప్లేటు – 2' అని ఉంటుంది. బెండింగ్‌లో రెండూ ఒకే వైపు మడిచేస్తారు. ఇక బేరింగ్ హౌసింగ్, అంటే తిరిగే షాఫ్టుని మోసే బేరింగ్ కూర్చునే గూడు. లేత్ మీద బోరు (బేరింగ్ పట్టే గుండ్రటి రంధ్రం) కొట్టి పూర్తి చేసిన హౌసింగ్ జాబితాలో ఉంటుంది కానీ, ఫౌండ్రీకి ఆర్డరు పెట్టాల్సిన కాస్టింగ్, అంటే కరిగిన లోహం పోసి తీసే ముడి ముక్క, ఉండదు.

రెండింటికీ మూలం ఒకటే: డిరైవ్డ్ పార్ట్, అంటే ఒక పార్టు ఆకారాన్ని లింకుతో తెచ్చుకుని దాని మీద కట్టిన ఇంకో పార్టు. ఎడమ ప్లేటుని అద్దంలో తిప్పి కుడి ప్లేటు చేస్తారు. కాస్టింగ్ మోడల్‌ని తెచ్చుకుని, దాని మీద బోరూ రంధ్రాలూ కోసి హౌసింగ్ చేస్తారు.

కాగితం రోజుల్లో ఈ తిప్పలు తక్కువే. డ్రాఫ్ట్స్‌మన్ ఎడమ ప్లేటు గీసి, 'చూపినది ఎడమ, కుడిది దీనికి ఎదురు' అని పక్కన ఒక ముక్క రాసి, రెండింటికీ వేర్వేరు నంబర్లు ఇచ్చేవాడు. హౌసింగ్ డ్రాయింగు మీద 'ఫలానా నంబరు కాస్టింగ్ నుంచి చేయాలి' అని ఉండేది. ఆకారం ఒకటైనా వస్తువులు రెండని ఆ చేతిరాత చెప్పేది.

కంప్యూటర్ మొదట పట్టుకున్నది డ్రాయింగుని కాదు, జాబితాని. చంద్రుడి మీదికి మనిషిని పంపే అపోలో పనిలో లెక్కలేనన్ని విడిభాగాల చిట్టాను సంభాళించడానికి ఐబీఎం వాళ్లు 1966లో రాయడం మొదలుపెట్టిన సాఫ్ట్‌వేరే ఐఎంఎస్. 1968 నాటికి అది పనిలోకి వచ్చింది. తల్లి కింద పిల్ల, పిల్ల కింద దాని పిల్ల, ఇలా చెట్టులా సాగే డేటాబేస్. ఆ దశాబ్దంలోనే, ఐబీఎంలోనే పనిచేసిన జోసెఫ్ ఆర్లికీ ఎంఆర్‌పీ (మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్) పద్ధతికి రూపం ఇచ్చాడు. ఎన్ని మిషన్లు కావాలో చెబితే, ఏ సరుకు ఎప్పుడు ఎంత కొనాలో వెనక్కి లెక్క కట్టే పద్ధతి అది. నాకు ముఖ్యంగా తోచేది ఇక్కడే. ఆ చెట్టులో హౌసింగ్ తల్లి, కాస్టింగ్ దాని కింద పిల్ల, సంఖ్య 1. ఒక దాన్నుంచి ఇంకొకటి చేయడమనే సంబంధం కొనుగోలు లెక్కలకి అప్పుడే తెలుసు.

డ్రాయింగు దారి వేరు. 1963లో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో అసలు బొమ్మని మారిస్తే దాని ప్రతులన్నీ వాటంతటవే మారేవి. ఈ ఊహ మామూలు డిజైనర్ బల్ల దాకా రావడానికి రెండు దశాబ్దాలకు పైనే పట్టింది. 1982లో వచ్చిన ఆటోకాడ్ మొదట్లో కాగితానికి బదులు మాత్రమే. శామ్యూల్ గైస్‌బర్గ్ 1985లో పెట్టిన పీటీసీ సంస్థ ఆ దశాబ్దం చివర్లో తెచ్చిన ప్రో/ఇంజనీర్ సాఫ్ట్‌వేర్‌తో కొలతలకీ ఆకారానికీ ముడిపడింది, కొలత మారిస్తే ఆకారమూ మారుతుంది. 1995లో సాలిడ్‌వర్క్స్, 1999లో ఇన్వెంటర్ వచ్చాక మామూలు విండోస్ కంప్యూటర్ మీద చిన్న షెడ్లు కూడా త్రీడీలోకి దిగగలిగాయి. ఒక పార్టు నుంచి ఇంకో పార్టు పుట్టించడం నాలుగు క్లిక్కుల పనైపోయింది.

చిక్కూ అక్కడే మొదలైంది. ఈ సాఫ్ట్‌వేర్లు జాబితాని అసెంబ్లీ నుంచి, అంటే పార్టులన్నీ కూర్చి మిషన్‌గా చూపే ఫైలు నుంచి తీస్తాయి. అసెంబ్లీలో ఏ పార్టుని పెట్టారో అదే జాబితాకి ఎక్కుతుంది. హౌసింగ్‌ని పెట్టారు కాబట్టి హౌసింగ్ వస్తుంది. కాస్టింగ్‌ని ఎవరూ పెట్టలేదు, అది హౌసింగ్ ఫైలు లోపల ఉంది. పెరుగన్నంలో పాలు కనబడవు, అయినా కొనాల్సింది పాలే కదా! సాలిడ్‌వర్క్స్‌లో బయటి ఫైలు మీద ఆధారపడిన పార్టు పేరు పక్కన చిన్న బాణం గుర్తు వస్తుంది. ఆ బాణం డిజైనర్ తెర మీదే ఉంటుంది, స్టోర్స్‌కి వెళ్లే జాబితాలోకి రాదు.

అలాగని మూల ఫైళ్లన్నీ జాబితాలోకి రావాలంటే అదీ కుదరదు. మిషన్ మొత్తం కొలతలు ఒకే అస్థిపంజరం ఫైల్లో పెట్టుకుని, హాపర్, జల్లెడ చట్రం, ఫ్యాన్ కవర్ అన్నీ దాన్నుంచి లాగే పద్ధతి ఉంది. ఆ అస్థిపంజరం కొనే వస్తువు కాదు, చేసే వస్తువూ కాదు. కుడి ప్లేటు విషయంలో మూలమూ, దాన్నుంచి పుట్టినదీ రెండూ విడి వస్తువులే. కాస్టింగ్ విషయంలో మూలాన్ని కొని, దాన్నే పూర్తి వస్తువుగా మలుస్తారు. ఫైలు లింకు చూస్తే మూడింటిదీ ఒకే తీరు, షెడ్డులో అర్థాలు మూడు. ఏది ఏదో సాఫ్ట్‌వేర్ తనంతట తాను పసిగట్టలేదు. ఇది లోపం అని కంపెనీల్ని తిట్టేవాళ్లున్నారు, నాకైతే అది పూర్తి న్యాయం అనిపించదు.

ఇన్వెంటర్ ప్రతి పార్టుకీ ఒక హోదా ఇచ్చుకోనిస్తుంది: మామూలు, కొన్నది, విడదీయలేనిది, రిఫరెన్స్, ఫాంటమ్ (తాను కాక లోపలి పార్టులే లెక్కకొచ్చేది). అస్థిపంజరాన్ని అసెంబ్లీలో పెట్టినా రిఫరెన్స్ అంటే లెక్కలోకి రాదు. కానీ 'దీన్నుంచి చేసినది' అనే హోదా ఆ వరుసలో లేదు. పైగా ఒకే పార్ట్ నంబరున్న వరుసల్ని కలిపేసే సెట్టింగు ఒకటుంది. కుడి ప్లేటుకి ఎడమ ప్లేటు నంబరే ఉండిపోతే రెండూ ఒక్కటైపోయేది అందుకే.

అందుకే చాలామంది పక్కదారి పట్టారు. హౌసింగ్‌ని పార్టుగా కాక ఒకే ఒక్క కాస్టింగ్ ఉన్న చిన్న అసెంబ్లీగా చేసి, బోరు ఆ అసెంబ్లీలోనే కోస్తారు. అప్పుడు కాస్టింగ్ పిల్లగా జాబితాలోకి వస్తుంది, ఎంఆర్‌పీ చెట్టులో ఉన్నట్టే. ఫైళ్లు మాత్రం పెరుగుతాయి, కొత్తగా చేరిన కుర్రాళ్లు ఒక్క ముక్కకి అసెంబ్లీ ఏమిటని తల గోక్కుంటారు. ఇంకొందరు పార్టు ప్రాపర్టీల్లో 'దేని నుంచి' అని ఒక గడి పెట్టి కాస్టింగ్ నంబరు టైపు చేస్తారు. చిన్న షెడ్డుకి నేను చెప్పేది ఇదే, ఖర్చు లేని పని. కాకపోతే అది ఉత్త అక్షరాలే, లింకు కాదు. ప్యాటర్న్ (ఫౌండ్రీలో అచ్చు తీసే నమూనా) మార్చి కాస్టింగ్‌కి కొత్త నంబరు ఇచ్చినా ఆ గడిలో పాతదే ఉంటుంది. అందుకని ఫౌండ్రీకి ఆర్డరు వెళ్లేముందు ఆ ఒక్క వరుసనీ డ్రాయింగుతో పోల్చి చూసే పని ఎవరిదో షెడ్డులో ముందే తేల్చుకోవాలి.