కదిలే రూటర్లు, మారే దారులు: దిగువ కక్ష్య నెట్‌వర్కుల నేపథ్యం

నేల మీది ఇంటర్నెట్‌లో రూటర్లు, అంటే డేటాకు దారి చూపే పరికరాలు, ఉన్నచోటే ఉంటాయి కాబట్టి కేబుల్ తెగితేనో, పరికరం ఆగిపోతేనో తప్ప డేటా దారి పెద్దగా మారదు. సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో తిరిగే ఉపగ్రహాలే రూటర్లయినప్పుడు మాత్రం ఏ లోపమూ లేకుండానే దారులు మారిపోతుంటాయి. ఈ చిక్కు ఉపగ్రహ ఇంటర్నెట్ సేవ స్టార్‌లింక్‌తో మొదలైనది కాదు.

1998 నవంబరులో సేవలు ప్రారంభించిన ఉపగ్రహ ఫోన్ నెట్‌వర్కు ఇరిడియం, 66 ఉపగ్రహాలను సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల సమీపంగా సాగే ఆరు కక్ష్యా తలాల్లో (ఒక తలంలోని ఉపగ్రహాలు ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటి సాగుతాయి) నిలిపింది. ప్రతి ఉపగ్రహానికీ నాలుగు రేడియో లింకులుండేవి: సొంత తలంలో ముందూ వెనకా ఉన్నవాటితో రెండు, ఇరుపక్కల తలాలతో రెండు. ముందువెనకల లింకులతో పేచీ లేదు. వాటి మధ్య దూరం దాదాపు స్థిరం. పక్క లింకులు అలా కాదు, ధ్రువాల దగ్గర తలాలు ఒకదాన్నొకటి దాటుతాయి గనుక అక్కడ వాటిని ఆపేయాలి. అంతకన్నా ఇబ్బందికరమైనది మొదటి, ఆరో తలాల మధ్య సరిహద్దు. అక్కడ ఒక వరుస ఉత్తరానికి, పక్క వరుస దక్షిణానికి పోతుంటాయి. అంత వేగంగా ఎదురెదురుగా దూసుకుపోయే వాటి మధ్య లింకు పెట్టనేలేదు. దాంతో ఆ సరిహద్దుకు చెరోపక్కనున్న రెండు ఉపగ్రహాలు ఎంత దగ్గరగా ఉన్నా, అంతరిక్షంలోనే సాగే సమాచారం మిగతా తలాలన్నీ దాటి, ధ్రువం మీదుగా చుట్టి రావలసిందే. అదే కాలపు మరో ఉపగ్రహ ఫోన్ నెట్‌వర్కు గ్లోబల్‌స్టార్ ఈ తలనొప్పే వద్దనుకుని, సంకేతాన్ని వెంటనే గ్రౌండ్ స్టేషన్‌కు దించేసింది.

అయితే ఉపగ్రహాల కదలికను ముందే లెక్కగట్టవచ్చు. 1997లో పరిశోధకుడు మార్కస్ వెర్నర్ ప్రతిపాదించిన పద్ధతికి ఇదే ఆధారం: పరిభ్రమణ కాలాన్ని చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కలో నెట్‌వర్కు స్థిరంగా ఉన్నట్టు భావించి, దారులను ముందుగానే సిద్ధం చేసుకోవడం. 2001లో పరిశోధకులు ఎకీచీ, అక్యిల్డిజ్, బెండర్‌లు ఆకాశాన్నే స్థిరమైన గళ్లుగా ఊహించి, ఏ గడిలోకి వచ్చిన ఉపగ్రహానికి ఆ గడి చిరునామా ఇచ్చారు. రెండూ తెలివైన ఉపాయాలే గానీ, కక్ష్యను లెక్కగట్టినంత కచ్చితంగా డేటా రద్దీని ముందే లెక్కగట్టడం సాధ్యం కాదు.

2019లో వెళ్లిన తొలి 60 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో వాటిని ఒకదానితో ఒకటి కలిపే లేజర్ లింకులు లేవు. అవి 2021 నుంచి వచ్చాయి. శ్రీహరికోట నుంచి 2022, 2023లలో ఇస్రో పంపిన మరో ఉపగ్రహ ఇంటర్నెట్ సంస్థ వన్‌వెబ్‌కు చెందిన 72 ఉపగ్రహాలకూ పరస్పర లింకులు లేవు కాబట్టి వాటి డేటా దారిని గ్రౌండ్ స్టేషన్లే నిర్ణయిస్తాయి. లేజర్లున్న చోట కూడా దగ్గరి దారి చూపడం ఒక్కటే చాలదు: భారత లైసెన్సు షరతుల ప్రకారం ఇక్కడి వినియోగదారుల డేటా దేశంలోని గేట్‌వేల (ఉపగ్రహాలను ఇంటర్నెట్‌తో కలిపే గ్రౌండ్ స్టేషన్ల) ద్వారానే సాగాలి.