లక్కీకి పిల్లల్ని పెట్టించే ముందు

చిరంజీవులు మాధవికి, కార్తీక్‌కి తాతయ్య ఆశీస్సులు.

మీ ఆడ లాబ్రడార్ కుక్క లక్కీకి ఒక్క ఈతైనా పెట్టించాలని మీరిద్దరూ పట్టుబడుతున్నారని అమ్మ చెప్పింది. కేసీఐ పేపర్లున్నాయట, అడయార్‌లో మంచి మగ లాబ్రడార్ కూడా దొరికిందట. దీనికి ఇష్టమో కాదో లక్కీ చెప్పలేదు, పుట్టబోయే ఏడెనిమిది కూనలూ చెప్పలేవు. వాటి బదులు మీరు తెలుసుకోవాల్సినవి రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ పేపర్ల సంగతి. కేసీఐ అంటే జాతికుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, దాని ఆఫీసు మన చెన్నైలోనే ఉంది. వాళ్ళిచ్చే కాగితంలో తల్లి, తండ్రి, తాతముత్తాతల పేర్లుంటాయి. తుంటి కీలు సరిగ్గా ఉందా, కళ్ళు నిలుస్తాయా అన్నది అందులో ఉండదు. దానికి పరీక్షలు వేరే చేయించాలి. అడయార్ వాళ్ళని మీరు మొదట అడగాల్సింది ఆ రిపోర్టులే. ‘మా వాడికి ఏ జబ్బూ లేదండీ’ అంటే చాలదు.

లాబ్రడార్లకు తుంటి కీలు పెద్ద గండం. తొడ ఎముక పైన ఉండే గుండు, తుంటిలోని గుంటలో బిగువుగా కూర్చోవాలి. గుంట లోతు తక్కువైతే గుండు జారుతూ అరుగుతుంది. నాలుగైదేళ్ళకే కుక్క మెట్లెక్కలేకపోతుంది. దీన్ని కనిపెట్టడానికి రెండేళ్ళు నిండాక మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్ళు తిన్నగా చాపి ఎక్స్‌రే తీస్తారు. మోచేతులకూ తీయాలి. తల్లిదండ్రులిద్దరి కీళ్ళూ బాగున్నా ఒక్కోసారి పిల్లకు వస్తుంది. ఈ జబ్బు వెనక చాలా జన్యువులున్నాయి, పైగా పెరిగే వయసులో ఒళ్ళు చేయడం, నున్నటి టైల్స్ మీద జారడం కూడా తోడవుతాయి. అయినా ఎక్స్‌రే చూసి జత కట్టించినప్పుడు ప్రమాదం బాగా తగ్గుతుంది.

కంటి జబ్బు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పీఆర్‌ఏ అనే జబ్బులో కంటి వెనక పొర మెల్లగా పాడవుతుంది. ముందు రాత్రిపూట చూపు తగ్గుతుంది, తర్వాత పూర్తిగా పోతుంది. లాబ్రడార్లలో ఎక్కువగా కనిపించే రకం, చెడ్డ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా అందితేనే వస్తుంది. ఒకవైపు నుంచే అందిన కుక్క పైకి ఆరోగ్యంగానే ఉంటుంది, చూపూ బాగుంటుంది. అలాంటి రెండిటిని జత చేస్తే పుట్టే ప్రతి కూనకూ గుడ్డిదయ్యే అవకాశం 25 శాతం. ఆ జన్యువు అసలు లేని కుక్కతో జత చేస్తే ఒక్కటీ గుడ్డిది కాదు. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పంపితే ఈ సంగతి తేలిపోతుంది.

ఇక దగ్గరి సంబంధాలు. మేనమామని చేసుకున్న అమ్మాయి బిడ్డకు, ఒకే జన్యువు రెండువైపుల నుంచీ అందే అవకాశం 12.5 శాతం. తండ్రి కుక్కను కూతురితో జత చేస్తే అది 25. షోలో గెలిచిన ఒకే మగకుక్కను ఊరంతా వాడుకుంటే, కొన్ని తరాలకు ఎవరి కుక్కను చూసినా దాని మనవడే అవుతుంది. అందుకని రెండు వంశవృక్షాలూ పక్కపక్కన పెట్టి, ఒకే పేరు రెండుచోట్ల వస్తోందా అని వెతకండి.

మనిషి ముచ్చటపడ్డ రూపమే కుక్క ప్రాణం మీదికి తెస్తుంది. రాజపాళయంలో స్థిరపడ్డ మన తెలుగు రాజుల కాపలా కుక్కనే చూడండి. పాలతెలుపు ఒళ్ళు, గులాబీ ముక్కు కావాలని తరాలుగా ఏరుతూ వచ్చారు. రంగునిచ్చే కణాలు లోపలి చెవికి కూడా అవసరం. అవి లేకపోతే మూడు నాలుగు వారాల వయసులోనే చెవుడు వచ్చేస్తుంది. చెవిటి కూన పక్క కూనల్ని చూసి తల తిప్పుతుంది కాబట్టి చప్పట్లు కొట్టి చూస్తే బయటపడదు. పగ్ మూతి సంగతీ అంతే. కుక్క ఒళ్ళు చల్లబడేది ముఖ్యంగా వగర్చడం వల్ల, మూతి నొక్కేశాక మన మే నెల ఎండలో అది వగర్చేదెలా? తమిళనాడు ప్రభుత్వం 2024లో తెచ్చిన విధానంలో పిల్లల్ని పెట్టించవద్దన్న జాతుల్లో పగ్, సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్ ఉన్నాయి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, అమ్మకం కోసం పెంచేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. తల్లికి 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒక్క ఈత, జన్మలో ఐదుకి మించకూడదు. ఎనిమిది వారాలు నిండకుండా కూనను అమ్మకూడదు.

అన్నీ కుదిరి లక్కీ కడుపుతో ఉందనుకుందాం. మనవాళ్ళు ప్రేమకొద్దీ కాల్షియం సిరప్ పోస్తారు. పొయ్యకండి. బయటినుంచి కాల్షియం అందుతుంటే, ఎముకల్లోంచి దాన్ని తీసి వాడుకునే ఏర్పాటు ఒంట్లో మందగిస్తుంది. ఈనాక పాలకు ఒక్కసారిగా కావాల్సి వచ్చినప్పుడు అందక వణుకు, జ్వరం, ఫిట్స్ వస్తాయి. అప్పుడు గంటల్లో డాక్టరు దగ్గర ఉండాలి.

అండం విడుదలైన రోజు నుంచి 63 రోజులకు అటూ ఇటుగా ఈనుతుంది. చివరి వారం రోజుకు రెండుసార్లు థర్మామీటరు పెట్టండి. 101 డిగ్రీల చుట్టూ ఉండేది 99 కిందికి దిగితే సాధారణంగా ఒక రోజులోపే నొప్పులు మొదలవుతాయి. అరగంట గట్టిగా ముక్కినా కూన రాకపోయినా, మొదటి కూనకు ముందే ముదురు ఆకుపచ్చ స్రావం కనిపించినా, లోపల ఇంకా కూనలుండగా రెండు గంటలు గడిచినా ఆటో పిలవండి. అర్ధరాత్రి ఆపరేషన్ చేసే డాక్టరు ఎవరో ముందే కనుక్కుని పెట్టుకోవాలి.

ఏసీ గదిలో ఈనిస్తే తల్లికి హాయే గానీ కూనలు చచ్చిపోతాయి. మొదటి వారం వాటికి సొంతంగా ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడం చేతకాదు. పెట్టెలో 30 డిగ్రీల వేడి కావాలి, చల్లబడ్డ కూనకు పాలు పట్టినా అరగవు. వంటింటి తూకం మీద రోజూ ఒకే వేళకు తూచి రాయండి. పది రోజులకు పుట్టినప్పటి బరువు ఇంచుమించు రెండింతలవ్వాలి. మొదటి రోజు తర్వాత ఏ కూన బరువైనా పెరక్కపోతే ఆ రోజే చూపించాలి. రెండో వారం నుంచి రెండు వారాలకోసారి నులిపురుగుల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా.

అసలు ప్రశ్న ఇళ్ళది. ఎనిమిది కూనలకు ఎనిమిది ఇళ్ళు జత కట్టించడానికి ముందే ఖాయం కావాలి. పగలంతా ఇంట్లో ఎవరుంటారు, ఇంటి ఓనరు ఒప్పుకున్నాడా, ఊరు మారితే ఏం చేస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. ఎన్నేళ్ళకైనా సరే, వద్దనుకుంటే మాకే తిరిగివ్వాలని కాగితం రాయించుకోండి. మూడో ఏట తిరిగొచ్చిన 30 కిలోల కుక్కకు మీ ఫ్లాటులో చోటుందా? లేదంటే ఇక్కడితో ఆపేయడం మేలు.

ఒక్కసారైనా ఈనకపోతే ఆడకుక్కకు జబ్బు చేస్తుందని చెప్పేవాళ్ళుంటారు, నమ్మకండి. పిల్లలు వద్దనుకుంటే గర్భసంచి తీసేసే ఆపరేషన్ చేయించండి, దాంతో ఆ సంచికి చీము పట్టే భయం పోతుంది.

లక్కీకి రెండేళ్ళు నిండాక వేపేరి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళి తుంటి ఎక్స్‌రే సంగతి అడగండి. మత్తిస్తారు కాబట్టి ఆ రోజు ఉదయం తిండి పెట్టకండి. ఫిల్ము ఫోటో తీసి నాకు పంపండి. ఈలోగా ఎదకొస్తే మూడు వారాలు మేడ మీద ఒంటరిగా వదలకుండా గొలుసుతోనే తిప్పండి, మీ వీధి మగకుక్కలు గోడ దూకడంలో గట్టివి.

మీ తాతయ్య