బస్తాల మధ్య పెట్టే ఆ బిళ్ల వెనక ఉన్న చట్టం కథ

మా మేనమామకి బియ్యం కొట్టు ఉండేది. వేసవి సెలవులకి వెళ్తే వెనక గదిలోకి మాత్రం మమ్మల్ని అస్సలు పోనిచ్చేవాడు కాదు, బస్తాల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచుల మీద ఇసక సంచులు పెట్టి, వారం రోజులు తాళం వేసేసేవాడు. పట్టా తీశాక చిన్న గుడ్డ మూటల్లో బూడిదలాంటి పొడి మిగిలేది. అదే సెల్ఫాస్ బిళ్ల, అసలు పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. 3 గ్రాముల బిళ్లకి గాలిలో తేమ తగిలితే సుమారు 1 గ్రాము ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది, ముక్కుపురుగు గింజ లోపల దాక్కున్నా చస్తుంది. మనిషికీ అంతే ప్రమాదం, పైగా దీనికి విరుగుడు మందు లేదు.

ఇలాంటి వాటి మీద మనకి చట్టం ఎలా వచ్చిందో చూస్తే, 1958లో కేరళలో జరిగిన ఘోరం దగ్గర మొదలవుతుంది. ఒకే ఓడలో గోధుమపిండీ, పారథియాన్ అనే పురుగుమందూ కలిపి తెచ్చారు, మందు కారి పిండికి అంటుకుంది, అది తిని వంద మందికి పైగా చనిపోయారు. జస్టిస్ జె.సి.షా కమిషన్ విచారణ చేసింది. ఆ తర్వాత పార్లమెంటులో ఇన్‌సెక్టిసైడ్స్ యాక్ట్ పాసయ్యేసరికి 1968, అమల్లోకి వచ్చేసరికి 1971. అంటే ప్రాణాలు పోయిన పదమూడేళ్లకి.

ఆ నింపాది తర్వాత కూడా పోలేదు. ఈడీబీ (ఇథిలీన్ డైబ్రోమైడ్) అని ఇంకో ఫ్యూమిగెంట్, అంటే గ్యాస్‌గా మారి పురుగుల్ని చంపే మందు, ఉండేది, ఇళ్లల్లో ధాన్యం డబ్బాల్లో వేసుకోమని చిన్న చిన్న గాజు ఆంప్యూళ్లుగా అమ్మేవాళ్లు. క్యాన్సర్ భయంతో అమెరికా 1984లోనే ధాన్యంలో దాని వాడకం ఆపేసింది, మన దగ్గర నిషేధం 2001లో. అదే ఏడాది అల్యూమినియం ఫాస్ఫైడ్ 10, 20 బిళ్లల ట్యూబులని కూడా పూర్తిగా నిషేధించారు, ఎందుకంటే అవి ఇళ్లల్లోకి వెళ్లి ఉత్తర భారతంలో ముఖ్యంగా చాలామంది ప్రాణాలు తీశాయి. రూల్ ప్రకారం ఇప్పుడు ఆ మందుని ప్రభుత్వ సంస్థలకో, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకో మాత్రమే అమ్మాలి, వాడకం కూడా నిపుణుల పర్యవేక్షణలోనే జరగాలి. మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న ఎన్ఐపీహెచ్ఎం అనే కేంద్ర ప్రభుత్వ మొక్కల ఆరోగ్య సంస్థ 15 రోజుల ఫ్యూమిగేషన్ ట్రైనింగ్ ఇస్తుంది కూడా.

మిథైల్ బ్రోమైడ్ అనే మరో ఫ్యూమిగెంట్‌ది వేరే కథ, అది ఓజోన్ పొరకి చిల్లు పెడుతుందని మాంట్రియల్ ఒప్పందం కింద ధనిక దేశాలు 2005కి, మనలాంటివి 2015కి మానేయాలన్నారు, కానీ క్వారంటైన్ పనులకి, అంటే సరుకుతో పాటు పురుగులు దేశాలు దాటకుండా ఆపడానికి, మినహాయింపు ఉంది. తమాషా ఏంటంటే కెనడా నుంచి వచ్చే మసూర్ పప్పు, బఠాణీలకి ఎక్కించే ముందే దీంతోనే పొగ వేయాలని మన క్వారంటైన్ రూల్సే పట్టుబట్టాయి, అక్కడి చలిలో అది సరిగ్గా పనిచెయ్యదని వాళ్లు, సరే ఈసారికి అని మనం, ఏళ్ల తరబడి ఇదే తంతు నడిచింది.

ఇక పాత చట్టం మార్చాలని 2008లో ఒక బిల్లు, 2020లో ఇంకోటి రాజ్యసభలో పెట్టారు, స్టాండింగ్ కమిటీకి వెళ్లింది, రిపోర్టు వచ్చింది, అంతే.

మొన్న ఊరెళ్లినప్పుడు ఇంట్లో బియ్యానికి పురుగు పట్టిందని మా పిన్ని బజారుకెళ్లి రెండు బిళ్లలు తెచ్చింది, న్యూస్‌పేపర్ ముక్కలో పొట్లం కట్టి ఇచ్చాడంట. ఎవరికీ, ఎందుకూ అని ఒక్క మాట అడగలేదంట.