నీరు పల్లమెరుగు, మరి పైపో?

గట్టి వాన కురిసిన మర్నాడు మా వీధి దిగువ మొనలో రోడ్డు మధ్య ఒక వేప కొమ్మ నిలబడి ఉంటుంది. రాత్రి మురుగు మ్యాన్‌హోల్ మూతను తన్నేసిందని దాని అర్థం. బండి మీద వచ్చేవాళ్లు పడిపోకుండా ఎవరో పుణ్యాత్ములు కొమ్మ విరిచి గుచ్చుతారు. ఎగువ మొనలో ఉన్న మా ఇంటి ముందు మూత మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ కదల్లేదు. అదే వీధి, అదే పైపు, అదే బిల్లు. తేడా అంతా మీటరున్నర ఎత్తులో ఉంది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. అక్కడ పొంగేదాంట్లో మా డాబా మీది వాననీళ్లూ ఉన్నాయి. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ ఆ గొట్టాన్ని డ్రైనేజీ చాంబర్‌లోకి వదిలేశాడు, మేమూ ఊరుకున్నాం.

ఏ పేటకు ముందు భూగర్భ డ్రైనేజీ వచ్చింది, ఏ బస్తీకి ఇంకా రాలేదు అనే మాట వస్తే మనకు వెంటనే కార్పొరేటర్ పలుకుబడి గుర్తొస్తుంది. అది లేదనను. కానీ అంతకంటే ముందు నేల వాలు తన మాట చెల్లించుకుంటుంది.

మంచినీటి పైపులో నీరు ఒత్తిడి మీద నడుస్తుంది కాబట్టి గుట్టయినా ఎక్కుతుంది. మురుగు పైపుకు ఆ వెసులుబాటు లేదు. పూర్తిగా నిండకుండా, వాలు మీద తనంతట తాను పారాలి. అదీ నింపాదిగా పారితే కుదరదు. రోజులో ఒక్కసారైనా సెకనుకు 60 సెంటీమీటర్ల వేగం అందుకోకపోతే మట్టీ మలమూ అడుగున పేరుకుపోతాయి. ఆరంగుళాల పైపులో ఆ వేగం రావాలంటే సుమారు 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగాలి. చదునైన ఊళ్లో కిలోమీటరు నడిచేసరికి పైపు ఐదు మీటర్ల లోతుకు పోతుంది. కాకినాడ, భీమవరం లాంటి చోట్ల అంత లోతు తవ్వడమంటే ఊటతో కుస్తీ పట్టడమే. అందుకే మధ్యమధ్య పంపులు పెట్టి మురుగును పైకి తోడి మళ్లీ వాలు మీద వదులుతారు. హైదరాబాద్‌కు మూసీ వైపు మంచి వాలుంది, అయితే తవ్విన చోటల్లా బండ తగులుతుంది.

కాబట్టి పని ఎప్పుడూ తోక నుంచే మొదలవ్వాలి. ముందు శుద్ధి కేంద్రం, దానికి చేర్చే పెద్ద ట్రంక్ లైను, తర్వాత కొమ్మలు, చివరికి వీధులు. ఎగువ కాలనీలో ముందే పైపులు వేసేసి కింద కలపడానికి ఏమీ లేకపోతే ఆ మురుగంతా దగ్గర్లోని చెరువులో తేలుతుంది. మన ఊళ్లలో ఇది కొత్త విషయమేమీ కాదు.

ఇక్కడే ఒక తిరకాసుంది. పైపు పల్లం నుంచి మొదలవుతుంది గానీ కనెక్షన్ పల్లానికే చివర వస్తుంది. నాలా ఒడ్డున, చెరువు శిఖంలో, అంటే చెరువు నీరు నిలిచే నేలలో, వెలిసిన ఇళ్లు ట్రంక్ లైను మట్టం కంటే కింద ఉంటాయి. వాటిని కలపాలంటే పంపు కావాలి, దానికి స్థలం కావాలి, కరెంటు కావాలి. లేఅవుట్ ఉండదు, చాలామందికి పట్టా ఉండదు. దాంతో ఊరందరి మురుగు మోసే పైపు వాళ్ల గుమ్మం ముందు నుంచే పోతుంది, వాళ్ల మురుగు మాత్రం పక్కనున్న కాల్వలోకి పోతుంది.

ఇది మనకే పుట్టిన జబ్బు కాదు. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక లండన్ పార్లమెంటు సభ్యులు ముక్కు మూసుకున్నారు. నది వాళ్ల కిటికీల కిందే ఉంది కాబట్టి చట్టం మూడు వారాలు తిరక్కుండానే వచ్చింది. జోసెఫ్ బాజల్గెట్ అనే ఇంజనీరు నగరమంతటికీ మురుగు సొరంగాల వ్యవస్థ గీశాడు. అందులో పల్లపు తూర్పు ప్రాంతం చివరికి మిగిలింది. అక్కడి మురుగును పైకి తోడాల్సిన ఆబే మిల్స్ పంపింగ్ కేంద్రం 1868లో గానీ పూర్తి కాలేదు. ఈలోగా 1866లో కలరా వచ్చింది. నగరంలో మిగతా చోట్ల పెద్దగా నిలవలేదు గానీ తూర్పు లండన్‌లో 5,500 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రాంతానికి నీళ్లిచ్చే కంపెనీ రిజర్వాయర్‌లోకి మురుగు చేరిందని విలియం ఫార్ అనే గణాంక శాస్త్రవేత్త తేల్చాడు. ఇంకా కలపని ఆ ఒక్క భాగమే బలైపోయింది.

హైదరాబాద్ కథ వరదతో మొదలవుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద నివారణతో పాటు డ్రైనేజీ మీదా సలహా తీసుకున్నారు. 1931 నాటికి 54 చదరపు కిలోమీటర్లకు, ఐదు లక్షల లోపు జనాభాకు సరిపడా భూగర్భ వ్యవస్థ ఏర్పడింది. ఆ రోజులకు గొప్ప పనే. తర్వాత ఊరు దాన్ని దాటిపోయింది. 2007లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను కలిపితే గ్రేటర్ హైదరాబాద్ వైశాల్యం 600 చదరపు కిలోమీటర్లు దాటింది. శివార్లలో చాలా కాలనీలకు మంచినీళ్లు ముందొచ్చాయి, డ్రైనేజీ రాలేదు. నల్లా వస్తే పండగే కదా అనుకుంటాం. కానీ ఇంట్లోకి వంద లీటర్లు వస్తే ఎనభై లీటర్లు మురుగై బయటికి పోతాయి. బిందెలతో మోసుకున్నన్నాళ్లూ తట్టుకున్న సెప్టిక్ ట్యాంకు, నల్లా వచ్చిన ఏడాదికే రోడ్డెక్కుతుంది.

దేశం మొత్తమ్మీద లెక్క చూస్తే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది కొరత కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, నడుస్తున్న శుద్ధి కేంద్రాల సామర్థ్యం 26,869 మాత్రమే. అందులోనూ నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. సగానికి సగం కూడా లేని కేంద్రాలు, అవీ పూర్తిగా నిండకుండా! శుద్ధి కేంద్రం కడితే శిలాఫలకం వేయొచ్చు. ఇంటి నుంచి చాంబర్‌కు వేసే నాలుగు మీటర్ల గొట్టానికి ఎవరూ రిబ్బన్ కత్తిరించరు.

మరి నేల ఒప్పుకున్న మేరకు ముందెవరిని కలపాలి? దీనికి మంచి జవాబు బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరంలో దొరికింది. గుట్టలు, మధ్యలో లోయలు, లోయల్లో పేదల వాడలు ఉన్న ఊరది. అక్కడి తొమ్మిది పేద వాడల్లో 1989-90లో ఐదేళ్ల లోపు పిల్లల విరేచనాల లెక్క తీశారు. కాల్వా పైపూ రెండూ లేని వాడలతో పోలిస్తే, వాననీటి కాల్వలు మాత్రమే ఉన్నచోట జబ్బు మూడింట రెండొంతుల కన్నా తక్కువ. కాల్వలతో పాటు మురుగు పైపులూ ఉన్నచోట మూడో వంతు కన్నా తక్కువ. ఆ తర్వాత నగరమంతటా భారీగా పని చేపట్టి డ్రైనేజీ కనెక్షన్లను 26 శాతం ఇళ్ల నుంచి 80 శాతానికి తీసుకెళ్లారు. పసిపిల్లల్లో విరేచనాలు నగరం మొత్తమ్మీద 21 శాతం తగ్గాయి. మొదట్లో జబ్బు మరీ ఎక్కువున్న వాడల్లో 43 శాతం తగ్గాయి. ఖర్చు పెట్టే రూపాయి ఎక్కడ రెట్టింపు పనిచేస్తుందో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇరుకు బస్తీలో పైపు వేయలేమనేది పాత సాకు. అదే బ్రెజిల్‌లోని నటాల్‌లో 1980ల మొదట్లో పెరళ్ల గుండా, కాలిబాటల కింద, తక్కువ లోతులో సన్నటి పైపులు వేశారు. లారీలు తిరగని చోట లోతెందుకు మరి? ఎకరాకు 65 మందికి మించి ఉంటే ఇంటింటికీ మరుగుదొడ్డి గుంత తవ్వడం కన్నా ఈ పైపే చవకని తేలింది. మన బస్తీలు ఆ లెక్కను ఎప్పుడో దాటేశాయి. కరాచీలోని ఒరంగీ అనే పేదల వాడలో అక్తర్ హమీద్ ఖాన్ అనే సామాజిక కార్యకర్త 1980లో మొదలుపెట్టిన పనిలో సందు ప్రజలే చందాలేసుకుని సందులో పైపు వేసుకున్నారు. పెద్ద లైను ప్రభుత్వం చూసుకోవాలన్నది వాళ్ల ఒప్పందం.

నన్నడిగితే, పలచగా విల్లాలున్న శివారు కొన్నాళ్లు ఆగొచ్చు. అక్కడ గుంతకు చోటుంది, సెప్టిక్ ట్యాంకు బండికి ఇవ్వడానికి డబ్బుంది. ఆ బండి తోడిన మలాన్ని ఏ నాలాలోనో పారబోయకుండా వరంగల్‌లో ఉన్నట్టు మలవ్యర్థాల శుద్ధి కేంద్రానికి చేర్చితే చాలు. పైగా ఇళ్లు తక్కువున్నచోట పైపు వేస్తే నీరు చాలక వేగం రాదు, పూడుకుపోతుంది. నాలా ఒడ్డు బస్తీకి మాత్రం, పంపు ఖర్చైనా సరే, ట్రంక్ లైను వేసిన ఏడాదే కనెక్షన్ ఇవ్వాలి.

మా వీధి దిగువ మొనలో ఆఖరి ఇంటాయన స్నానాల గది తూము దగ్గర ఇసుక బస్తా ఉంచుకుంటాడు. రోడ్డు వేసిన ప్రతిసారీ మట్టం పెరిగి, ఇప్పుడు ఆయన గచ్చు మ్యాన్‌హోల్ మూత కన్నా కిందికి పోయింది. మొన్న మేలో మేస్త్రీని పిలిచి మా డాబా గొట్టాన్ని చాంబర్ నుంచి విడదీసి వాననీటి కాల్వలోకి తిప్పించాను. పూట పని. ఎగువ వైపు మిగతా పద్నాలుగు ఇళ్ల గొట్టాలు ఇంకా చాంబర్లలోనే ఉన్నాయి. జూన్‌లో తొలి వాన పడ్డాక వెళ్లి చూస్తే వేప కొమ్మ అక్కడే ఉంది.