చిన్న కమతాల కోసం పుట్టిన డీజిల్ ట్రాక్టర్లు

ప్రియమైన పిల్లలకు,

జర్మనీ అంటే పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు కదా, అక్కడ అంత బుల్లి ట్రాక్టర్లు ఎందుకు చేశారని అడిగారు. నాకు ఎంతో ఇష్టమైన విషయం, తీరిగ్గా రాస్తున్నాను.

1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అక్కడి పల్లెల్లో చాలావరకు గుర్రాలతోనే సేద్యం. చిన్న రైతులైతే పాలిచ్చే ఆవులనే కాడికి కట్టేవాళ్లు. పొద్దంతా దున్నిన ఆవు సాయంత్రం పాలు ఏమిస్తుంది? పైగా నైరుతి జర్మనీలో తండ్రి భూమిని పిల్లలందరికీ పంచే ఆచారం ఉండేది. తరాలు మారేకొద్దీ చేలు చీలికలై, ఒక్కో రైతుకు ఊరి చుట్టూ తలో దిక్కున ఒక్కో ముక్క మిగిలేది. మన ఊళ్లలో చూస్తున్నదే కదా! అలాంటి చేలో బరువైన ట్రాక్టర్ తిప్పడానికి చోటు చాలదు, కొనడానికి డబ్బూ చాలదు.

చిన్న ట్రాక్టర్ ఆలోచన యుద్ధానికి ముందుదే. బవేరియాలో ఫెంట్ కుటుంబం 1930లోనే 6 హార్స్‌పవర్ ట్రాక్టర్ చేసింది. కొలోన్‌లోని డాయిట్జ్ కంపెనీ 1936లో 11 హార్స్‌పవర్‌ది తెచ్చింది. యుద్ధం వచ్చేసరికి డీజిల్ సైన్యానికి పోయింది, ట్రాక్టర్లను కట్టెల నుంచి తీసిన గ్యాస్‌తో నడపాల్సి వచ్చింది. 1948 జూన్‌లో కొత్త కరెన్సీ వచ్చి డబ్బుకు విలువ నిలిచాక మళ్లీ పని ఊపందుకుంది.

సైకిల్ పంపు గబగబా కొడితే కింది భాగం వేడెక్కుతుంది కదా, డీజిల్ ఇంజన్‌లో జరిగేదీ అదే. గాలిని బాగా నొక్కితే మండిపోయేంత వేడి పుడుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది, స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు. ఇలా డీజిల్ మండే గొట్టం లాంటి గదినే సిలిండర్ అంటారు. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి ఒకటే సిలిండర్. పాడయ్యే భాగాలు తక్కువ, తాగే డీజిల్ తక్కువ. సిలిండర్‌లో ఒత్తిడి లేకుండా ఒక లివర్ ఎత్తిపెట్టి, హ్యాండిల్ తిప్పి, ఇంజన్‌కుండే బరువైన చక్రం వేగం అందుకోగానే లివర్ వదిలితే ఇంజన్ అందుకునేది. చలికాలంలో కొన్నిటికి నిప్పంటించిన కాగితపు వత్తిని కూడా లోపల పెట్టేవాళ్లు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇంజన్‌ని చల్లబరచడానికి వాళ్లు ఎంచుకున్న పద్ధతి. మామూలుగా ఇంజన్‌ని రేడియేటర్‌లోని నీళ్లు చల్లబరుస్తాయి. అక్కడి చలికి ఆ నీళ్లు గడ్డకడితే ఇంజన్ పగిలిపోతుంది. అందుకని చలికాలమంతా రాత్రి నీళ్లు తీసేయాలి, తెల్లారి మళ్లీ పోయాలి. మ్యూనిక్ దగ్గర ఫోర్‌స్టెర్న్ అనే ఊళ్లో ఐషర్ అన్నదమ్ములు అసలు నీళ్లే వద్దనుకున్నారు. సిలిండర్ చుట్టూ పలచని లోహపు రెక్కలు పెట్టి, వాటిమీదికి ఫ్యాన్‌తో గాలి కొట్టించారు. అలా 1948లో 16 హార్స్‌పవర్ ట్రాక్టర్ వచ్చింది. డాయిట్జ్ కూడా 1950లో 15 హార్స్‌పవర్‌తో అదే దారి పట్టింది. కార్ల పోర్షే పేరు మీద కూడా గాలితో చల్లబడే ట్రాక్టర్లు వచ్చాయి, 1963 దాకా.

దున్నడమొక్కటే దాని పని కాదు. పక్కన గడ్డి కోసే కత్తి బిగించేవాళ్లు. పాడి ఉన్న ఇంట్లో వేసవంతా రోజూ పచ్చిగడ్డి కోయాలి కాబట్టి, నా ఉద్దేశంలో ఆడవాళ్లకు నిజమైన మేలు చేసింది ఆ కత్తే. బెల్టు తగిలిస్తే నూర్పిడి యంత్రమూ తిరిగేది.

పశ్చిమ జర్మనీలో 1949లో లక్షకు లోపున్న ట్రాక్టర్లు 1960 నాటికి 8 లక్షలు దాటాయి. కానీ ఊళ్లలో కుర్రాళ్లు ఫ్యాక్టరీ పనులకు వెళ్లిపోయారు. వాళ్ల పొలాలు కలిపి సాగుచేసేవాళ్లకు 12 హార్స్‌పవర్ ఎక్కడ సరిపోతుంది? ఒక్కో కంపెనీ మూతపడుతూ వచ్చింది. అంత ఓపికగా చేసిన పనితనం అలా ఆగిపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఐషర్ మాత్రం మన దేశానికి వచ్చింది. 1959లో ఫరీదాబాద్ ఫ్యాక్టరీ నుంచి మొదటి ఐషర్ ట్రాక్టర్ బయటికొచ్చింది. ఒకే సిలిండర్‌తో, గాలితో చల్లబడే ఐషర్లు మన పొలాల్లోనూ చాలాకాలం తిరిగాయి. పాతది ఎక్కడైనా కనబడితే డ్రైవర్‌ని అడిగి సిలిండర్ మీది రెక్కలు చూడండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడే సుమా, వేడిగా ఉంటే చెయ్యి పెట్టకండి.

ప్రేమతో,
మీ తాతయ్య